సముందర్ దారిన వచ్చిన తారీఖ్

మన ఇళ్లలో తారీఖ్ అంటే నేల మీద నడిచొచ్చిన తారీఖే. ఖైబర్ కనుమ, ఢిల్లీ, దౌలతాబాద్, బీదర్, గోల్కొండ. గుర్రాలు, ఫౌజులు, తఖ్తులు. నేను చదివిన ఉర్దూ మీడియం స్కూల్లో కితాబ్ ఈ దారినే పోయేది. తర్వాత డిగ్రీ తెలుగులో చేశాను. అక్కడి చరిత్ర పుస్తకమూ ఇదే దారి పట్టింది. ఒకదాంట్లో వాళ్లు ఫాతెహ్‌లు, ఇంకోదాంట్లో దండెత్తి వచ్చినవాళ్లు. తేడా అంతవరకే. సముందర్ రెండింట్లోనూ లేదు.

అందుకే బళ్లో ఎవరైనా "మీరు ఎక్కణ్నుంచి వచ్చారు?" అని అడిగితే మన పిల్లలు తెల్లమొహం వేస్తారు. గుంటూర్లోనో కర్నూల్లోనో పుట్టి, దాదా, పర్‌దాదా అదే ఊరి ఖబ్రస్తాన్‌లో పడుకుని ఉన్న పిల్లాడు దీనికి ఏం చెప్తాడు?

పోయిన సెలవుల్లో మేం కేరళ తీరం వెంట ఐదు రోజులు సఫర్ చేశాం. అమ్మీ, నా బేగం, పద్నాలుగేళ్ల కూతురు, పదేళ్ల కొడుకు, నేను. కన్నూరు దాకా రైలు, అక్కణ్నుంచి కారు. కన్నూరు నుంచి కొల్లం దాకా సుమారు 400 కిలోమీటర్లు. పిల్లలకు బీచ్‌లు, హౌస్‌బోటు కావాలి. నాకు ఇబ్నె బతూతా చూసిన తీరం చూడాలి. ఇద్దరి పనీ ఒకే రోడ్డు మీద అయిపోయింది.

ఈ ఇబ్నె బతూతా మొరాకో మనిషి. మొహమ్మద్ బిన్ తుగ్లక్ దగ్గర ఢిల్లీలో ఖాజీగా చేశాడు. చీనా బాద్‌షాకి తుగ్లక్ పంపిన తోఫాలు తీసుకుని బయల్దేరి 1342 ప్రాంతంలో మలబార్ చేరాడు. గోవా నుంచి కొల్లం దాకా తీరం వెంట రెండు నెలల దారి అని, దారి పొడుగునా చెట్ల నీడే అని రాశాడు. అర మైలుకి ఒక చెక్క మండపం, అందులో ముసాఫిర్లు కూర్చోవడానికి అరుగులు, పక్కన బావి, నీళ్లు పోసే మనిషి. ఈ తీరంలో పన్నెండు మంది రాజులు ఉన్నారని, రేవు రేవుకీ ముసల్మాన్ తాజిర్ల ఇళ్లు, మస్జిద్‌లు ఉన్నాయని లెక్క రాశాడు.

అతని కలం తేనె పూసి రాయదు. హిందువులు ముసల్మాన్లని ఇంట్లోకి రానివ్వరు, తమ గిన్నెల్లో తిననివ్వరు అని కూడా రాశాడు. ఆ వెంటనే, ముసల్మాన్ ఇల్లు లేని ఊళ్లో వాళ్లే వండి అరిటాకులో వడ్డిస్తారనీ రాశాడు. అంటూ ఉంది, ఆకలి తీర్చే చెయ్యీ ఉంది. రెండూ కలిపి చదివితేనే తారీఖ్ అవుతుంది.

ఇప్పుడా దారి జాతీయ రహదారి 66. చెట్ల నీడ చాలాచోట్ల పోయింది, ఫ్లైఓవర్ల పిల్లర్లు లేస్తున్నాయి. సముద్రం మాత్రం కుడిపక్క కొబ్బరిచెట్ల సందుల్లోంచి కనిపిస్తూనే ఉంటుంది.

కన్నూరు దాటగానే ముళప్పిలంగాడ్‌లో ఇసుక మీద నాలుగు కిలోమీటర్లు కారు నడపొచ్చు. పిల్లలకు ఆ రోజు అదే ఈద్. నా పని అంతకుముందే కన్నూర్లో అయింది. అక్కడ అరక్కల్ రాజవంశం ఉండేది. కేరళలో ముసల్మాన్ రాజవంశం అదొక్కటే. లక్షద్వీప్ దీవులు వాళ్ల చేతిలో ఉండేవి. ఆ ఖాందాన్‌లో వారసత్వం తల్లి వైపు నుంచి నడిచేది. పెద్ద వయసు మగవాడైతే అలీ రాజా, ఆడమనిషైతే అరక్కల్ బీవీ. గద్దె మీద ఎవరైనా కూర్చోవచ్చు.

ఈ మాట విని అమ్మీ కాసేపు నమ్మలేదు. కన్నూరు, తలశ్శేరి, కోజికోడ్‌లలో పాత మాప్పిళ్ల ఇళ్లు చాలావాటిలో ఇప్పటికీ కూతురు పుట్టింట్లోనే ఉంటుంది, అల్లుడే ఆ ఇంటికి వస్తాడు. మన దగ్గర ఇల్లరికం అంటే నలుగురూ నవ్వుతారు. అక్కడ కొత్త అల్లుడికి జరిగే మర్యాద చూడాలి! తమిళంలో మాప్పిళ్లై అంటే అల్లుడే. ఆ ముసల్మాన్ల పేరూ అక్కణ్నుంచే వచ్చిందని ఒక మాట ఉంది. సముందర్ దాటి వచ్చిన అరబ్ తాజిర్లు ఇక్కడి ఆడపిల్లల్ని నికాహ్ చేసుకుని అల్లుళ్లయ్యారు. పిల్లలు తల్లి ఇంట్లో, తల్లి జబాన్‌లో పెరిగారు.

దక్షిణానికి వెళ్తే కోజికోడ్‌కి ముందు కప్పాడ్ బీచ్. 1498లో వాస్కో డ గామా ఇక్కడ దిగాడని ఒక రాతి స్తంభం చెప్తుంది. స్కూల్లో దీన్నే "భారతదేశానికి సముద్ర మార్గం కనుగొన్నాడు" అని బట్టీ పట్టాం. అతని ఓడలోంచి మొదట ఒడ్డుకి వచ్చిన మనిషికి ఎదురైంది ట్యునీషియా నుంచి వచ్చిన ఇద్దరు ముసల్మాన్లు. వాళ్లకు స్పెయిన్ భాష వచ్చు. ఇంత దూరం ఏం పని మీద వచ్చారని వాళ్లే అతణ్ని అడిగారు. ఊళ్లో ముందే ఆ భాష తెలిసినవాళ్లు ఉన్నారంటే "కనుగొన్న" దారి ఎంత పాతదో ఆలోచించండి.

ఆ స్తంభం చెప్పని సంగతి ఇంకోటి ఉంది. గామా రెండోసారి వచ్చినప్పుడు, 1502లో, మక్కా నుంచి తిరిగొస్తున్న ఓడని కన్నూరు తీరానికి ఎదురుగా పట్టుకున్నాడు. సొమ్ము దోచుకున్నాక, హాజీలు, ఆడవాళ్లు, పిల్లలతో సహా వందలాది మంది ఉన్న ఆ ఓడకి నిప్పు పెట్టించాడు. కొద్దిమంది పసిపిల్లల్ని మాత్రం తీసి పక్కన పెట్టారు. కప్పాడ్ ఇసుకలో గవ్వలు ఏరుతున్న నా కొడుక్కి ఇది ఎలా చెప్పాలో నాకు తోచలేదు. కూతురికి చెప్పాను. ఆ పిల్ల ఆ రాయిని ఫోటో తీయడం మానేసింది.

కోజికోడ్‌లో కుట్టిచ్చిర అని ఒక మొహల్లా. మధ్యలో పెద్ద చెరువు, ఒడ్డున మిష్కాల్ పళ్లి. మలయాళంలో పళ్లి అంటే మస్జిద్, చర్చిని కూడా పళ్లి అనే అంటారు. గుంబద్ లేదు, మినార్ లేదు. చెక్కతో కట్టిన అంతస్తులు, పైన పెంకుల కప్పు, చెక్కిన స్తంభాలు. దూరం నుంచి ఎవరైనా గుడి అనుకుంటారు. నా కొడుకు "అబ్బా, మస్జిద్ ఏది?" అని మస్జిద్ ముందు నిలబడే అడిగాడు.

మిష్కాల్ అనే నాఖుదా, అంటే ఓడల యజమాని, దీన్ని 14వ శతాబ్దంలో కట్టించాడు. ఇబ్నె బతూతా అతని దౌలత్ గురించి రాశాడు. 1510 జనవరిలో పోర్చుగీసులు ఊరి మీద పడి ఈ మస్జిద్‌ని తగలబెట్టారు. ఆ తర్వాత వాళ్లు దగ్గర్లోని చాలియంలో కోట కట్టుకుని తీరాన్ని గుప్పిట్లో పెట్టుకున్నారు. 1571లో కోజికోడ్ రాజు సామూతిరి ఆ కోటని ముట్టడించి నేలమట్టం చేయించాడు. అందులోని కలప మిష్కాల్ పళ్లి మరమ్మతుకి వచ్చిందని అక్కడివాళ్లు చెప్తారు. సామూతిరి హిందూ రాజు. అతని తరఫున సముందర్ మీద లడాయి చేసినవాళ్లు కుంజాలి మరక్కార్లనే ముసల్మాన్ నౌకాదళ సర్దార్లు.

ఈ దోస్తీ చివరి దాకా నిలవలేదు, ఆ సంగతి దాచకూడదు. నాలుగో కుంజాలికీ సామూతిరికీ చెడింది. సామూతిరి పోర్చుగీసులతో చేతులు కలిపాడు. 1600లో కుంజాలి కోట పడిపోయింది, అతను రాజుకి లొంగిపోయాడు. రాజు పోర్చుగీసులకు అప్పగించాడు. గోవాకి తీసుకెళ్లి చంపారు. ఇరింగల్‌లో ఆ ఖాందాన్ జ్ఞాపకంగా చిన్న మ్యూజియం ఉంది.

కుట్టిచ్చిరలో అసర్ అజాన్ మాకు గంట ముందే వినిపించింది. అక్కడివాళ్లు షాఫయీలు, మనం హనఫీలం. యెమెన్, అరబ్ రేవుల నుంచి వచ్చిన ఫిఖ్హ్ వాళ్లది. నమాజ్ తర్వాత ఒక పెద్దాయన నన్ను పలకరించారు. నేను అలవాటుగా ఉర్దూలో జవాబు చెప్పాను. ఆయనకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆయన మలయాళం నాకు అర్థం కాలేదు. సలాం, అల్‌హందులిల్లాహ్, కొంచెం ఇంగ్లీషు, మిగతాది చేతులతో. చాయ్ తాగించి పంపారు.

బయటికి రాగానే అమ్మీ అడిగింది: "ఇంత దీన్‌దార్లు, ఉర్దూ రాదా?"

అమ్మీ ప్రశ్న తేలిగ్గా తీసుకోలేను. అది మా ఒక్క ఇంటిది కాదు. ఉర్దూ పోతే దీన్ పోతుందని మన పెద్దలు గుండెల్లో నమ్ముతారు. ఆ నమ్మకానికి ఇంకో ముఖం కూడా ఉంది. మా ఖాందాన్‌లో ఒక కుర్రాడికి రిష్తా వచ్చింది. పిల్ల చదువుకుంది, నమాజీ. వాళ్లు నూర్‌బాషాలు, అంటే దూదేకులవాళ్లు. ఇంట్లో తెలుగే మాట్లాడతారు. "తెలుగు ముసల్మాన్లట" అని ఒక్క మాటతో పెద్దలు ఆ రిష్తా పక్కన పెట్టారు. ఆ మాట అన్నవాళ్లు తమ మనవలతో మాట్లాడేదీ తెలుగులోనే.

అందుకే ఆ రాత్రి హోటల్లో అమ్మీకి ఖాజీ మొహమ్మద్ గురించి చెప్పాను. ఆయన కోజికోడ్ ఖాజీ, పెద్ద ఆలిం. చాలియం కోట పడగొట్టినప్పుడు అరబీలో "ఫత్‌హుల్ ముబీన్" అనే కావ్యం రాశారు. ఆ కావ్యం ఒక హిందూ రాజు బహాదురీని పొగుడుతుంది. తర్వాత 1607లో ఆయనే షేఖ్ అబ్దుల్ ఖాదిర్ జీలానీ మీద "ముహ్యిద్దీన్ మాల" రాశారు. ఇది అరబీలో లేదు. మామూలు ఆడవాళ్లు, జాలర్లు పాడుకునేలా తమ ఇంటి జబాన్‌లో రాశారు. లిపి అరబీ, మాటలు మలయాళం. అరబీలో లేని శబ్దాలకు కొత్త అక్షరాలు చేర్చుకున్నారు. దాన్నే అరబీ మలయాళం అంటారు. తేదీ తెలిసిన అరబీ మలయాళం రచనల్లో అన్నిటికంటే పాతది ఇదే. తరతరాలుగా ఇళ్లలో ఉమ్మాలు పిల్లలకు పాడి వినిపించారు. మలయాళ సాహిత్యానికి తండ్రి అని చెప్పుకునే ఎళుత్తచ్ఛన్ కూడా దాదాపు ఆ కాలం మనిషే, ఊరు అక్కడికి దగ్గర్లోని తిరూర్.

ఉర్దూ మీద నా మొహబ్బత్ తక్కువ కాదు. నా మొదటి అక్షరం అలిఫ్. కానీ మలబార్‌లో ఉర్దూ లేకుండానే వెయ్యేళ్లకు పైగా ఐదు పూటలా అజాన్ వినిపిస్తోంది. మజహబ్ ఏ ఇంట్లో దిగితే ఆ ఇంటి జబాన్ నేర్చుకుంది. మన దగ్గరా పిఠాపురం ఉమర్ అలీషా (1885-1945) లాంటి సూఫీ పీఠాధిపతి తెలుగులో పద్యాలు, నాటకాలు రాశారు. ఆయన పేరు మన మద్రసా పిల్లల్లో ఎంతమందికి తెలుసు?

మర్నాడు పొన్నాని. చిన్న రేవు ఊరు. 16వ శతాబ్దంలో మఖ్దూం ఖాందాన్ ఆలింల వల్ల దూరదూరాల నుంచి తాలిబె ఇల్మ్‌లు వచ్చేవాళ్లు. ఆ ఖాందాన్‌లోని రెండో జైనుద్దీన్ మఖ్దూం అరబీలో "తుహ్ఫతుల్ ముజాహిదీన్" రాశారు. 1583 దాకా పోర్చుగీసులు మలబార్‌లో చేసిన జుల్మ్ అంతా అందులో ఉంది. ఆ కితాబ్‌ని ఆయన అంకితం ఇచ్చింది మన దక్కన్ సుల్తాన్‌కే, బీజాపూర్ అలీ ఆదిల్ షాకి. 1570-71లో పోర్చుగీసుల మీద బీజాపూర్ వాళ్లు గోవా దగ్గర, అహ్మద్‌నగర్ వాళ్లు చౌల్ దగ్గర, సామూతిరి చాలియం దగ్గర ఒకేసారి పోరాడారు. సఫలమైంది చాలియంలోనే.

జైనుద్దీన్ మఖ్దూం నాకు ఇంకో కారణంతో నచ్చారు. కొడుంగల్లూర్లో చేరమాన్ జుమా మస్జిద్ ఉంది. చేరమాన్ పెరుమాళ్ అనే రాజు చంద్రుడు రెండు ముక్కలవడం చూసి, అరేబియా వెళ్లి, ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం ముందు కల్మా చదివాడని రివాయత్. ఆయన తిరుగు దారిలో పోయాడని, తర్వాత మాలిక్ దీనార్ బృందం వచ్చి 629లో ఈ మస్జిద్ కట్టిందని చెప్తారు. ఈ కథ వినగానే మన ఛాతీ ఉప్పొంగుతుంది. మఖ్దూం దీన్ని 400 ఏళ్ల కిందటే తూకం వేశారు. రాజు ప్రవక్త గారి కాలంలో వెళ్లాడన్న మాట నిలవదని, హిజ్రీ 200 తర్వాత జరిగి ఉండొచ్చని రాశారు. తన ఖౌమ్‌కి ఎంతో ఇష్టమైన కథని, అదీ ఖౌమ్ దెబ్బలు తింటున్న కాలంలో, ఒక ఆలిం ఇలా పరీక్ష పెట్టారు. ఈ రోజు వాట్సాప్‌లో వచ్చే ప్రతి "ఇస్లామీ తారీఖ్"ని ముందుకు తోసే మనం ఆయన దగ్గర సబఖ్ తీసుకోవాలి. తేదీ తగ్గితే ఈమాన్ తగ్గదు.

ఆ మస్జిద్‌ది ఇంకో కథ. పాతది మిష్కాల్ పళ్లిలా పెంకుల కప్పుతో ఉండేది. 20వ శతాబ్దంలో విస్తరిస్తూ ముందు వైపు గుంబద్, మినార్లు పెట్టారు. ఈ మధ్య మళ్లీ పాత రూపు తెచ్చే పని చేశారు. లోపల నూనె దీపం ఉంది, అన్ని మజహబ్‌ల వాళ్లూ నూనె తెచ్చి పోస్తారు.

కొచ్చి దాటాక నేల తగ్గిపోయి నీళ్లు ఎక్కువవుతాయి. అలప్పుళలో హౌస్‌బోటు ఎక్కాం. ఒకప్పుడు వడ్లు మోసిన కెట్టువళ్లం అనే పడవలివి. కెట్టు అంటే కట్టడం. మేకులు కొట్టకుండా పలకల్ని కొబ్బరి పీచు తాడుతో కుట్టి కట్టేవాళ్లు. పాత అరబ్ ఓడలూ ఇలా కుట్టినవే, ఇబ్నె బతూతా ఈ కుట్టుపని గురించి రాశాడు. పడవ నడిపే అన్నకు పలకల సందులు చూపించమని మా అమ్మాయి వెంటపడింది. ఆయన ఓపిగ్గా చూపించాడు.

ఇబ్నె బతూతా కూడా ఈ నీళ్ల మీదే కొల్లం వెళ్లాడు. కష్టంలో వెళ్లాడు. కాలికట్ రేవులో ఓడలు సిద్ధంగా ఉన్నాయి, జుమా నమాజ్ కోసం అతను ఒడ్డున ఆగాడు. రాత్రి తుఫాను లేచి తోఫాలున్న ఓడని ముక్కలు చేసింది. అతని సామాను ఉన్న రెండో పడవ అతణ్ని వదిలేసి వెళ్లిపోయింది. దాన్ని పట్టుకోవాలని నదీమార్గాన పది రోజులు ప్రయాణించాడు. మూటలు మోయడానికి పెట్టుకున్న ముసల్మాన్ కూలీ తాగి గొడవలు పెట్టుకునేవాడట!

ఆ తుఫాను సందర్భంలో అతను చెప్పిన ఒక ఖానూన్ మనకు దగ్గరిది. మలబార్‌లో ఓడ పగిలితే ఒడ్డుకి కొట్టుకొచ్చిన సరుకు రాజు ఖజానాకి పోయేది. కాలికట్‌లో మాత్రం యజమానికే దక్కేది, అందుకే ఆ రేవు అంత పెరిగిందని అతని మాట. అతని కంటే దాదాపు వందేళ్ల ముందు, 1244లో, మన మోటుపల్లిలో కాకతీయ గణపతిదేవుడు ఇదే అభయం ఇచ్చాడు. తుఫానులో పగిలిన ఓడల సరుకు లాక్కోబోమని, సుంకం మాత్రమే తీసుకుంటామని పరదేశీ వర్తకులకు మాటిచ్చి శాసనం వేయించాడు. బాపట్ల జిల్లాలో, మోటుపల్లి వీరభద్రస్వామి గుడి దగ్గర ఆ శాసనం ఉంది. తీరం వేరు, రాజు వేరు, ఇన్సాఫ్ ఒకటే. మన తెలుగు నేలకీ సముందర్ తారీఖ్ ఉంది, చదవడమే తక్కువ.

కొల్లంలో అష్టముడి సరస్సుతో మా సఫర్ అయిపోయింది. మొత్తం తీరంలో నన్ను అన్నిటికంటే కదిలించిన వస్తువు నేను చూడలేదు, చదివాను. 849లో వేణాడు పాలకుడు అయ్యన్ అడికళ్ కొల్లంలోని క్రైస్తవుల పళ్లికి భూములు, హక్కులు రాసిచ్చాడు. దాన్ని తరిసాపళ్లి రాగి రేకులు అంటారు. చివర్లో గవాహీ దస్తఖత్‌లు ఉన్నాయి. కొన్ని పహ్లవీలో, కొన్ని యూదుల లిపిలో రాసిన ఫార్సీలో, కొన్ని అరబీ కూఫీ లిపిలో. ఆ అరబీ పేర్లలో మైమూన్ బిన్ ఇబ్రాహీం ఒకటి. ఈ తీరంలో ముసల్మాన్లు ఉన్నారని తేదీతో సహా చెప్పే పక్కా సబూత్ ఇది. ఎవరినో గెలిచినట్టు రాసుకున్న కాగితం కాదు. హిందూ పాలకుడు క్రైస్తవులకు ఇచ్చిన మాటకు ముసల్మాన్లు, యూదులు, పారసీకులు గవాహీగా నిలబడ్డ పత్రం. ఆ రేకుల్ని ఇప్పటికీ కేరళ చర్చిలే భద్రంగా ఉంచాయి. మన పాత పేర్లు వాళ్ల దగ్గర అమానత్‌గా ఉన్నాయి.

ఇంటికొచ్చాక ఆ రిష్తా సంగతి మళ్లీ కదిపాను. పెద్దలు ఇంకా ఏమీ తేల్చలేదు. అమ్మీ మాత్రం "పిల్ల ఖురాన్ చదివిందా, గుణం మంచిదేనా, అది కనుక్కోండి" అంది. జబాన్ గురించి అడగలేదు.

మీకు నాదొక గుజారిష్. మీ ఇంట్లో నానీ, దాదీ ఉంటే, ఈ వారం వాళ్ల పక్కన కూర్చుని ఖాందాన్ సంగతులు అడిగి రాసిపెట్టండి. ఏ ఊరు, ఏ పని, నికాహ్‌లు ఎవరితో, ఇంట్లో ఏ పాటలు పాడేవాళ్లు. ఉర్దూలో చెప్తే ఉర్దూలో రాయండి, తెలుగులో చెప్తే తెలుగులో. తీరంలో ఉన్నవాళ్లు, మచిలీపట్నం, మోటుపల్లి, కళింగపట్నం వైపు వాళ్లు, మీ ఊరి పాత మస్జిద్ కప్పు ఎలా ఉండేదో పెద్దల్ని అడగండి. పెంకుదా, తాటాకుదా, గుంబద్ ఎప్పుడు వచ్చింది? రేపు బళ్లో ఎవరైనా "ఎక్కణ్నుంచి వచ్చారు?" అంటే మన పిల్లల చేతిలో ఆ కాగితం ఉండాలి.